ఆరు వోల్టుల పాత కారులో సెల్ఫ్ ఈడుస్తుంటే ఏం చేయాలి?

చెన్నైలో ఇప్పటికీ నడుస్తున్న పాత కార్లలో చాలావాటికి ఆరు వోల్టుల బ్యాటరీయే ఉంటుంది. 1954 వరకు వచ్చిన షెవర్లేలు, 1955 వరకు వచ్చిన ఫోర్డు, ప్లిమత్, డాడ్జి కార్లు, మోరిస్ ఎయిట్, ఫోర్డ్ ప్రిఫెక్ట్ వంటి చిన్న బ్రిటిష్ కార్లు, 1960ల నడిమి దాకా తయారైన ఫోక్స్‌వాగన్ బీటిల్, ఇవన్నీ ఆ కోవలోనివే. వీటి యజమానులు ఎక్కడ కలిసినా చెప్పుకొనే బాధ ఒకటే: సెల్ఫ్ కొడితే ఇంజను బరువుగా, ఈడుస్తున్నట్టు తిరుగుతుంది; రెండోసారి కొడితే అదీ ఉండదు. దానికి వెంటనే దొరికే సలహా పన్నెండు వోల్టులకు మార్చేయమని. ఆ సలహాతో నేను ఏకీభవించను. ఇవే కార్లు కొత్తలో, ఇవే ఆరు వోల్టులతో, మంచు కురిసే దేశాల్లో సైతం ఉదయాన్నే లేచేవి. ఇప్పుడు లేవడం లేదంటే, బ్యాటరీకీ సెల్ఫ్ మోటరుకీ మధ్యలో ఎక్కడో వోల్టులు పోతున్నాయి, లేదా మోటరే అరిగిపోయింది. ఎక్కడ పోతున్నాయో కొలిచి చూడకుండా ఏదీ కొనకూడదు, ఏదీ మార్చకూడదు.

ఆరు వోల్టుల పద్ధతి ఇంత సున్నితంగా ఎందుకు ఉంటుందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. ఇంజనును తిప్పడానికి 1200 వాట్లు కావాలనుకుందాం. పన్నెండు వోల్టుల కారులో అందుకు 100 ఆంపియర్లు చాలు. ఆరు వోల్టుల కారులో 200 ఆంపియర్లు పారాలి. తీగలూ కీళ్లూ అన్నీ కలిపి 4 మిల్లీఓమ్‌ల నిరోధం ఉంటే, మొదటి కారులో 0.4 వోల్టు పోతుంది, అంటే మూడు శాతం పైచిలుకు. రెండో కారులో 0.8 వోల్టు పోతుంది, అంటే పదమూడు శాతం. తీగ ఒకటే, తుప్పు ఒకటే, నష్టం మాత్రం నాలుగింతలు. పన్నెండు వోల్టుల కారులో ఎవరూ గమనించని చిన్న మురికి ఇక్కడ కారును ఆపేయగలదు.

మొదట తేల్చుకోవలసింది

ఇంజను నెమ్మదిగా తిరుగుతోందా, లేక మామూలు వేగంతో తిరిగినా చాలాసేపటికి గాని అంటుకోవడం లేదా? ఈ రెండూ వేర్వేరు సమస్యలు. రెండో దానికి బ్యాటరీతోనూ తీగలతోనూ చాలావరకు సంబంధం ఉండదు. దాని సంగతి తర్వాత చెబుతాను. తిరగడమే నెమ్మదిగా ఉంటే, చీకటిపడ్డాక హెడ్‌లైట్లు వేసి, గోడ మీద వెలుగు పడేలా కారు నిలిపి సెల్ఫ్ కొట్టండి. లైట్లు బాగా మసకబారిపోతే బ్యాటరీ బలహీనంగా ఉందని గాని, మోటరు అతిగా కరెంటు లాగుతోందని గాని అర్థం. లైట్లు దాదాపు అలాగే వెలుగుతూ సెల్ఫ్ మాత్రం ఈడిస్తే, మోటరుకు వెళ్లే దారిలో కరెంటుకు అడ్డు తగులుతోందని అర్థం. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

పని మొదలుపెట్టే ముందు గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాల కింద దుంగలు పెట్టండి. ఉంగరం, మెటల్ గడియారం తీసేయండి. ఆరు వోల్టులు షాక్ కొట్టవు గాని, స్పానరు గాని ఉంగరం గాని రెండు టెర్మినళ్ల మధ్య పడితే క్షణంలో ఎర్రగా కాలి అతుక్కుపోతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు ఎర్త్ వైపు తీగను (ఛాసిస్‌కు బిగించి ఉండేదాన్ని) ముందు విప్పాలి, బిగించేటప్పుడు దాన్నే చివర బిగించాలి. ఫోర్డు, ప్లిమత్, డాడ్జి కార్లలోనూ చాలా బ్రిటిష్ కార్లలోనూ ఎర్త్ అయ్యేది పాజిటివ్ అని మరవకండి. షెవర్లే, బీటిల్ కార్లలో నెగటివ్. మీ కారు ఏ కోవకు చెందిందో మాన్యువల్‌లో చూసి, బ్యాటరీ పెట్టె మూత మీద పెయింటుతో రాసి ఉంచడం మంచిది, ఎందుకంటే వచ్చే ఎలక్ట్రీషియన్‌కు నెగటివ్ ఎర్త్ ఒక్కటే అలవాటై ఉండవచ్చు.

బ్యాటరీ

పూర్తిగా ఛార్జి చేసి, కొన్ని గంటలు వదిలేసి, రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పి, అప్పుడు కొలవండి. 6.3 వోల్టులు లేదా కాస్త పైన ఉండాలి. 6.1కి దిగితే సగానికి దగ్గరగా ఖాళీ అయినట్టు. అంకె బాగున్నంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు గనక, ఆసిడ్ సాంద్రత చూపే హైడ్రోమీటరుతో మూడు సెల్లులనూ విడివిడిగా చూడండి. వేడి ప్రాంతాల కోసం కొందరు 1.240 దగ్గర ఆసిడ్ నింపుతారు, మరికొందరు 1.265 దాకా నింపుతారు. కాబట్టి అసలు అంకె కన్నా మూడింటి మధ్య తేడా ముఖ్యం. ఒక సెల్లు మిగతావాటికన్నా 0.050 తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీని నమ్ముకోకండి. ఉన్నవి మూడే సెల్లులు. ఒకటి పడిపోతే మూడో వంతు శక్తి పోయినట్టే.

ఆ తర్వాత సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ పోస్టుల మీదే వోల్టులు చూడాలి. ఇంజను అంటుకోకుండా, ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరు మధ్య తీగను తీసి ఎర్త్‌కు తాకించి ఉంచండి. ఐదు సెకన్లు కొట్టినంతసేపూ 5 వోల్టులు నిలిస్తే బ్యాటరీ మీద అనుమానం తగ్గించుకోవచ్చు. 4.5 కిందకి పోతే, మరో మంచి బ్యాటరీ పెట్టి చూడకుండా మోటరు మీద నేరం మోపకండి.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు ఆరు వోల్టులని రాసి ఉన్నది ఏదైనా పనికిరాదు. పాత బైకుల బ్యాటరీలు ఆరు వోల్టులవే అయినా వాటికి ఈ కరెంటు ఇచ్చే సత్తా లేదు. గోల్ఫ్ కార్టుల బ్యాటరీలు పెద్దవే గాని అవి నెమ్మదిగా ఎక్కువసేపు ఇవ్వడానికి చేసినవి. కారు సెల్ఫ్‌కు తగిన పలచటి ప్లేట్లతో, 80 నుంచి 120 ఆంపియర్-అవర్ల మధ్య ఉన్నదాన్ని అడగండి. దుకాణంలో సిద్ధంగా లేకపోతే ఆర్డరు మీద కట్టించుకోవాలి. ఛార్జరు కూడా ఆరు వోల్టులదే అయి ఉండాలి.

వోల్టులు పోయే చోటు పట్టుకోవడం

ఇక్కడే అసలు పని ఉంది. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో దొరికే సాధారణ డిజిటల్ మల్టీమీటరు చాలు. దాన్ని డీసీ వోల్టుల్లో, తక్కువ రేంజిలో పెట్టండి. కరెంటు కూడా కొలవాలనుకుంటే డీసీ కొలిచే క్లాంప్ మీటరు అడగండి. చవకగా దొరికే చాలా క్లాంప్ మీటర్లు ఏసీ మాత్రమే చూపిస్తాయి, అవి ఈ పనికి పనికిరావు.

పద్ధతి ఇది. మీటరు ఒక ముల్లును దారిలో ఒక చోట, రెండో ముల్లును అదే దారిలో తర్వాతి చోట పెట్టి, సహాయకుడు సెల్ఫ్ కొడుతుండగా చూడాలి. కరెంటు పారుతున్నప్పుడే ఈ నష్టం కనిపిస్తుంది. కారు ఊరకే ఉన్నప్పుడు ఓమ్‌ల రేంజిలో కొలిచి తీగ బాగుందనుకుంటే మోసపోతారు. పది పోగుల్లో తొమ్మిది తెగిపోయిన తీగ కూడా ఓమ్‌ల మీటరుకు సున్నాగానే కనిపిస్తుంది.

మొదట బ్యాటరీ సీసపు పోస్టు మీద ఒక ముల్లు, దానికి బిగించిన క్లాంపు మీద మరో ముల్లు పెట్టండి. సున్నా లేదా దానికి దగ్గరగా రావాలి, 0.05 దాటితే విప్పి శుభ్రం చేయాలి. తర్వాత అదే పోస్టు నుంచి సెల్ఫ్ స్విచ్చు దగ్గరి బోల్టుకు, స్విచ్చు ఇటు బోల్టు నుంచి అటు బోల్టుకు, అక్కడి నుంచి మోటరు టెర్మినలుకు. ఈ వైపు మొత్తం కలిపి 0.3 వోల్టు లోపు ఉండాలి, స్విచ్చు ఒక్కదాని మీద 0.1 మించకూడదు. ఆ తర్వాత అందరూ మరిచిపోయే వైపు: మోటరు ఒంటి నుంచి ఇంజను బ్లాకుకు, బ్లాకు నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి బ్యాటరీ ఎర్త్ పోస్టుకు. ఇది మొత్తం 0.2 లోపు ఉండాలి. ముళ్లు తిరగేసి పెడితే అంకె ముందు మైనస్ గుర్తు వస్తుంది. దాన్ని పట్టించుకోనక్కరలేదు, అంకె ఎంతన్నదే కావాలి.

రాయపేటలో ఒక మిత్రుడి 1949 ఫోర్డ్ ప్రిఫెక్ట్‌ను ఇలాగే చూశాము. అప్పటికే రెండు బ్యాటరీలు మార్చారు, మోటరు వైండింగ్ షాపుకు వెళ్లి వచ్చింది. సెల్ఫ్ కొడుతుంటే బ్యాటరీ దగ్గర 5.4, మోటరు దగ్గర 4.2. పోయిన 1.2లో ముప్పాతిక భాగం, అంటే 0.9, ఎర్త్ వైపే పోతోంది. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది గనక, దాని నుంచి ఛాసిస్‌కు కరెంటు వెళ్లే దారి అల్లిన రాగి పట్టీ ఒక్కటే. ఛాసిస్‌కు కొత్తగా నల్ల పెయింటు వేయించినప్పుడు ఆ పట్టీని మెరిసే పెయింటు మీదే బిగించారు. కరెంటంతా బోల్టు మరల మీదుగా ఎలాగో వెళుతోంది. సెల్ఫ్ కొట్టిన వెంటనే ఆ బోల్టును ముట్టుకుంటే వేలు కాలింది. రూపాయి బిళ్లంత మేర పెయింటు గీకి, పళ్ల వాషరు వేసి బిగించాక అక్కడ నష్టం 0.1కి దిగింది, కారు మొదటి తిప్పుకే లేచింది. పెయింటు చేయించిన ప్రతి పాత కారులోనూ ఈ చోటును ముందు చూడండి.

మీటరు లేని సమయంలో చేతి వేళ్లు కూడా చెబుతాయి. వరుసగా రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టి, ఆపిన వెంటనే దారి పొడవునా ఒక్కో కీలునూ ముట్టుకుంటూ పోండి. వేడెక్కిన చోటే వోల్టులు పోతున్న చోటు.

తీగలు, కీళ్లు, స్విచ్చు

మన ఆటో ఎలక్ట్రికల్ దుకాణాల్లో సిద్ధంగా దొరికే బ్యాటరీ కేబుళ్లు పన్నెండు వోల్టుల కార్ల కోసం చేసినవి. పైన ప్లాస్టిక్ తొడుగు లావుగా ఉండి చూపుకు బలంగా కనిపిస్తాయి, లోపల రాగి 16 లేదా 25 చదరపు మిల్లీమీటర్లే ఉంటుంది. రాను పోను కలిపి రెండు మీటర్ల 25 చదరపు మిల్లీమీటర్ల తీగలో 300 ఆంపియర్లు పారితే సుమారు 0.4 వోల్టు పోతుంది. 70 చదరపు మిల్లీమీటర్లదైతే 0.15 మాత్రమే. అందుకే 70, చిన్న ఇంజన్లకైతే కనీసం 50 ఎంచుకోవాలి. మీటరు లెక్కన అమ్మే వెల్డింగ్ కేబుల్ ఈ పనికి చక్కగా సరిపోతుంది, బాగా వంగుతుంది కూడా. అయితే అందులో అల్యూమినియం పోగులవీ, అల్యూమినియం మీద రాగి పూత వేసినవీ అమ్ముతారు. కొనే ముందు ఒక పోగును చాకుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే వదిలేయండి. వెల్డింగ్ కేబుల్ రబ్బరుకు ఆయిలు, పెట్రోలు పడవు గనక ఇంజను దగ్గర పైన మరో తొడుగు వేయాలి.

తీగ చివర తొడిగే లగ్గులను సుత్తితో కొట్టి నొక్కిస్తే లాభం లేదు. హైడ్రాలిక్ ప్రెస్సుతో నొక్కించి, చివర వేడికి బిగిసే స్లీవు తొడిగించండి. పాత తీగ పైకి బాగానే కనిపించినా లగ్గు దగ్గర తొడుగును అంగుళం మేర చీల్చి చూడండి: రాగి ఎర్రగా కనిపించాలి. పచ్చటి చిలుము గాని, నలుపు గాని లోపలికి పాకి ఉంటే ఆ తీగ అయిపోయినట్టే. బీసెంట్ నగర్, తిరువాన్మియూరు వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల ఇది తొందరగా జరుగుతుంది. శుభ్రం చేసి బిగించిన ప్రతి కీలు మీదా వాసెలిన్ పూయండి. ముందు పూసి తర్వాత బిగించడం కన్నా, లోహానికి లోహం ఆనేలా బిగించి తర్వాత పైన పూయడం మంచిది.

ఎర్త్ తీగను వీలైతే బ్యాటరీ నుంచి నేరుగా సెల్ఫ్ మోటరు బిగించిన బోల్టుకే ఇవ్వండి. ఛాసిస్‌కు వెళ్లే పాత పట్టీని కూడా ఉంచండి, లైట్లకూ మీటర్లకూ అది కావాలి.

చాలా కార్లలో కాలితో తొక్కేదో, వైరు పట్టి లాగేదో అయిన సెల్ఫ్ స్విచ్చు ఉంటుంది. లోపల ఒక రాగి బిళ్ల రెండు రాగి బోల్టు తలల మీద వచ్చి ఆనుతుంది. ఏళ్ల తరబడి మెరుపులు మెరిసి వాటి మీద గుంటలు పడి, నల్లటి పొర కడుతుంది. విప్పి, సన్నని ఆకురాయితో చదునుగా రాసి, బిళ్లను తిరగేసి కొత్త వైపు పెడితే స్విచ్చుకు మళ్లీ ప్రాణం వస్తుంది. జనరల్ ప్యాటర్స్ రోడ్డు దుకాణాల్లో దొరికే పన్నెండు వోల్టుల సోలినాయిడ్‌ను (కరెంటుతో పనిచేసే స్విచ్చును) దీని స్థానంలో పెట్టకండి. ఆరు వోల్టులకు దాని కాయిల్ సరిగా లాగదు.

మోటరు

మోటరు టెర్మినల్ దగ్గర వోల్టులు బాగా వస్తున్నా ఈడుస్తుంటేనే మోటరును దింపాలి. మొదట షాఫ్టును పట్టుకుని పైకీ కిందకీ కదిపి చూడండి. బుష్‌లు అరిగి షాఫ్టు ఆడితే, లోపల తిరిగే ఆర్మేచర్ అయస్కాంతపు దిమ్మలకు రాసుకుంటుంది. ఆర్మేచర్ ఒంటి మీద మెరిసే గీతలు అందుకు సాక్ష్యం. ఆయిలు పీల్చే కంచు బుష్‌లు కొత్తవి వేయించేటప్పుడు ఒక రోజంతా ఇంజను ఆయిల్లో నాననివ్వాలి.

బ్రష్‌ల విషయంలో జరిగే పొరపాటు అంతగా కంటికి కనబడదు. ఆరు వోల్టుల సెల్ఫ్ బ్రష్‌లలో రాగి పాలు ఎక్కువగా ఉండాలి. అవి చేతిలో బరువుగా, ఎర్రటి ఛాయతో ఉంటాయి. వేరే మోటరు నల్ల కార్బన్ బ్రష్‌ను కొలతకు అరగదీసి వేస్తే అది చక్కగా కూర్చుంటుంది గాని, కరెంటును అక్కడే మింగేస్తుంది. బ్రష్‌లు ఆనే కమ్యుటేటర్ నల్లబడితే లేతు మీద పలచగా చెక్కించండి. రాగి ముక్కల నడుమ ఉన్న మైకాను రాగి మట్టం కన్నా కిందకి తీయాలా వద్దా అన్నది తయారీదారును బట్టి ఉంటుంది: బ్రిటిష్ కార్లలోని లూకాస్ సెల్ఫ్ మోటర్లలో దాన్ని కిందకి తీయవద్దని కంపెనీ సూచన. వైండింగ్ షాపులో డైనమోకు చేసే అలవాటు ప్రకారం దీనికీ చేసేస్తారు, ముందుగానే చెప్పి ఇవ్వండి.

వేడి మీద మాత్రమే ఈడిస్తే

పొద్దున బాగా లేచి, మే నెల మధ్యాహ్నం ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద నడిపి ఆపాక లేవకపోతే, రెండు కారణాలు చూడాలి. ఇగ్నిషన్ టైమింగ్ ముందుకు జరిగి ఉంటే ఇంజను ఎదురు తన్నుతుంది, సెల్ఫ్ ఆగి ఆగి తిరుగుతుంది. రెండోది, ఎగ్జాస్టు పక్కనే ఉన్న మోటరు, తీగలు కాలిపోతుండటం: 30 డిగ్రీల నుంచి 110 డిగ్రీలకు వేడెక్కిన రాగి నిరోధం సుమారు 30 శాతం పెరుగుతుంది. మధ్యలో ఒక రేకు అడ్డు పెడితే ఎంతో తేడా వస్తుంది. సినిమా షూటింగులకు కారు ఇచ్చేవారు ఇంకోటి గమనించాలి. ప్రతి షాటుకూ సెల్ఫ్ కొట్టి, పది గజాలు నడిపి ఆపితే ఆ బ్యాటరీ తిరిగి నిండే అవకాశమే ఉండదు. సాయంత్రానికి అది ఈడిస్తే కారును తప్పుపట్టలేం.

బాగా తిరిగినా ఆలస్యంగా అంటుకుంటే

వారం రోజులు నిలబెట్టిన కారులో కార్బురేటరు గిన్నె ఆరిపోయి ఉంటుంది. పంపు దాన్ని నింపేదాకా సెల్ఫ్‌తో తిప్పుతూ ఉంటే బ్యాటరీ వృథాగా అయిపోతుంది. పంపు కింద చేతి మీట ఉంటే ముందు దానితో పది పన్నెండుసార్లు కొట్టి, తర్వాత సెల్ఫ్ కొట్టండి. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు డయాఫ్రంలు తట్టుకోలేవు. మార్చేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే రకాన్నే అడిగి వేయించండి.

ప్లగ్గులకు నిప్పు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్‌ను కూడా కొలవండి. ఆరు వోల్టుల కాయిల్ ప్రైమరీ 1 నుంచి 1.5 ఓమ్‌ల దాకా చూపిస్తుంది. 3 ఓమ్‌లు చూపిస్తే ఎవరో పన్నెండు వోల్టుల కాయిల్ పెట్టారు; సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టులు మరింత పడిపోతాయి గనక దాని నిప్పు సరిపోదు. పాజిటివ్ ఎర్త్ కారులో కాయిల్ తీగలు తారుమారైనా నిప్పు బలహీనపడుతుంది. అలాగే ఇగ్నిషన్ స్విచ్చు మీదా పైన చెప్పిన పద్ధతిలోనే నష్టం కొలవండి. అక్కడ అర వోల్టు పోయిందంటే కాయిల్‌కు అందేది నాలుగున్నరే.

డైనమో, ఎనిమిది వోల్టులు, పన్నెండు వోల్టులు

డైనమో నెమ్మది వేగంలో ఛార్జి చేయదు. సాయంత్రం ఉస్మాన్ రోడ్డు రద్దీలో రెండు హెడ్‌లైట్లు వేసుకుని నిలబడితే సుమారు 13 ఆంపియర్లు బ్యాటరీ నుంచే పోతుంటాయి. రోడ్డు మీద వేగంగా నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 7.2 నుంచి 7.4 వోల్టుల దాకా రావాలి. రాకపోతే డైనమో బ్రష్‌లు, డైనమోను బ్యాటరీకి కలిపి విడదీసే కటౌటు చూడండి. నెలకోసారి మాత్రమే నడిపే కారుకు ఇంట్లో ఆరు వోల్టుల సన్న ఛార్జరు తప్పనిసరి.

ఎనిమిది వోల్టుల బ్యాటరీ వేసుకొమ్మని చెప్పేవారున్నారు. దాన్ని నింపాలంటే తొమ్మిదిన్నర వోల్టుల దాకా రావాలి, 7.2కు అమర్చిన రెగ్యులేటరు దాన్ని ఎప్పటికీ నింపదు, రెగ్యులేటరును పెంచితే బల్బులు మాడిపోతాయి. పన్నెండు వోల్టుల కారు నుంచి జంపర్ తీగలు తగిలించడం అంతకన్నా ప్రమాదం: ఆ ఒక్క నిమిషంలో బల్బులు, మీటర్లు పోవచ్చు, సెల్ఫ్ మోటరు చివర ఉండే చిన్న పళ్ల చక్రం (పిన్యన్) ఫ్లైవీలు పళ్లను విరగ్గొట్టవచ్చు. తోవలో ఆగిపోతే హ్యాండిల్ వేసి తిప్పడమే క్షేమం, బొటనవేలు హ్యాండిల్ చుట్టూ చుట్టకుండా మిగతా వేళ్ల పక్కనే ఉంచి, కింది నుంచి పైకి లాగాలి.

నిప్పు ప్రమాదానికి భయపడి చాలామంది బ్యాటరీని కారు నుంచి విడదీసే ఐసోలేటరు స్విచ్చు పెట్టించుకుంటారు, పెట్టించుకోవాలి కూడా. చవకరకం ఇత్తడి మర స్విచ్చులు పన్నెండు వోల్టుల కార్లకు సరిపోవచ్చు గాని ఇక్కడ మళ్లీ ఈడుపు మొదలవుతుంది. 300 ఆంపియర్లకు తగ్గనిది తీసుకుని, బిగించాక సెల్ఫ్ కొడుతూ దాని రెండు బోల్టుల మధ్య కొలవండి. 0.05 వోల్టు దాటితే విప్పి మరొకటి పెట్టించండి.